గుండె పరీక్ష సరే, పని భారం మాటేమిటి?

(యూనియన్ సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ముందు టీ తాగండి. మీరు తాగుతూ ఉండండి, మేం మాట్లాడుతూ ఉంటాం.

ఏటా సెప్టెంబర్ 29న గేటు దగ్గర ఒక బ్యానరు కడతారు, ప్రపంచ హృదయ దినమని. పెద్ద ఎర్ర గుండె బొమ్మ. పదకొండు రోజులు తిరిగేసరికి, అక్టోబర్ 10న, అదే మేకులకి ఇంకో బ్యానరు, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమని. మొదటి రోజు బి.పి. చూస్తారు. రెండో రోజు ఒక మేడం వచ్చి కళ్ళు మూసుకుని ఊపిరి మెల్లగా పీల్చి వదలమంటారు. రెండూ మంచివే, మేం తప్పుపట్టడం లేదు. కాని మిగిలిన ఏడాదంతా లైను మీద జరిగేదేమిటో ఏ బ్యానరు మీదా రాయరు. ఇవాళ మాట్లాడాలనుకున్నది ఆ సంగతే.

మన బెంగళూరులో గుండెకి పేరున్న ప్రభుత్వ ఆసుపత్రి జయదేవ. మనసుకి పేరున్నది నిమ్హాన్స్. రెండింటికీ మధ్య కొద్ది కిలోమీటర్లే. కాని జయదేవకి వెళ్ళొచ్చినవాణ్ణి చూడటానికి వీధి వీధంతా వస్తుంది, ఎళనీరు పట్టుకొస్తారు. నిమ్హాన్స్‌కి వెళ్ళొచ్చిన సంగతి పక్కింటికి కాదు గదా, సొంత అత్తగారికి కూడా చెప్పరు. మన లెక్కలో ఒకటి జబ్బు, ఇంకొకటి పరువు తక్కువ. డాక్టర్లనడిగితే మాత్రం ఈ రెండూ ఒకే ఒంట్లో ఒకే దారిలో నడుస్తాయంటారు.

ఎలాగో చూడండి. సూపర్‌వైజరు వెనక నిలబడి అరుస్తున్నాడు. బోర్డు మీద గంటకి ఇన్ని పీసులని రాసి ఉంది, మీ దగ్గర ఇరవై తక్కువ పడ్డాయి. అప్పుడు ఒంట్లో అడ్రినలిన్ అనే రసం ఊరుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నరాలు బిగుస్తాయి, బి.పి. ఎక్కుతుంది. పులి ఎదురైతే పరిగెత్తడానికి ప్రకృతి పెట్టిన ఏర్పాటు అది. పులి వెళ్ళిపోతే ఒళ్ళు మళ్ళీ దిగుతుంది. టార్గెట్ బోర్డు ఎక్కడికీ వెళ్ళదు. రోజూ ఎనిమిది తొమ్మిది గంటలు, ఏళ్ళ తరబడి ఒంటిని అలా బిగబట్టి ఉంచితే నిద్ర చెడుతుంది, కార్టిసాల్ అనే ఇంకో రసం వల్ల షుగరు పెరుగుతుంది, బీడీలూ ఖైనీలూ ఎక్కువవుతాయి, ఆదివారం సాయంత్రం మందు దాకా వెళుతుంది. గుండె నొచ్చాక మనసు కుంగడం కూడా అంతే నిజం. గుండెపోటు వచ్చి బతికినవాళ్ళలో దాదాపు ఐదుగురికి ఒకరు గట్టి దిగులు జబ్బులో పడతారు. దిగులు పడ్డవాడు మాత్రలు సరిగ్గా వేసుకోడు, నడవమన్నా నడవడు. వాళ్ళకి ప్రమాదం మళ్ళీ ఎక్కువ.

నిరుడు ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో జరిగిన క్యాంపు సంగతి చెప్పాలి. పేరు వద్దు. యాజమాన్యం వాళ్ళే పెట్టించారు, మా కమిటీవాళ్ళం కూడా వెళ్ళాం. కటింగు సెక్షను పక్కన బల్ల వేసి, లైను నుంచి పదిమంది చొప్పున పిలిచారు. మిషను మీంచి లేచి గబగబా వచ్చినవాళ్ళు నిలబడే చేతికి పట్టా కట్టించుకున్నారు. పక్కనే సూపర్‌వైజరు గడియారం చూసుకుంటూ ఉన్నాడు. చాలామందికి బి.పి. ఎక్కువే వచ్చింది. రాకేం చేస్తుంది! బి.పి. చూసే ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించుకుని ఊరికే కూర్చోవాలి. అరగంట ముందు నుంచి కాఫీ, బీడీ ఉండకూడదు. మూత్రానికి వెళ్ళి రావాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. ఇందులో ఒక్కటీ జరగలేదు. వచ్చిన అంకెలన్నీ ఒక పెద్ద రిజిస్టర్లో పేరు, టోకెన్ నంబరుతో సహా ఎక్కించారు. ఆ రిజిస్టరు హెచ్.ఆర్. ఆఫీసుకి పోయింది. చివర్న ఆ డాక్టరుగారు, పాపం మంచాయనే, అందరికీ ఒకే మాట చెప్పారు: టెన్షన్ పెట్టుకోకండమ్మా అని. వెనక నుంచి ఒక అక్క అంది, "మేం పెట్టుకోలేదు సార్, వాళ్ళే పెట్టారు." అందరూ నవ్వారు. సూపర్‌వైజరు కూడా నవ్వాడు, ఆయనకీ పైన ఒకడున్నాడు గదా.

ఆ క్యాంపులో మన సభ్యుడొకాయన చెయ్యి చాపలేదు. బాగానే ఉన్నానని తప్పుకున్నాడు. ఊరు హిందూపురం వైపు, వయసు నలభై నాలుగు. తర్వాత మాతో చెప్పాడు, అప్పటికే రెండేళ్ళుగా బి.పి. ఉందట. రిజిస్టర్లో ఎక్కితే ఓ.టి. ఇవ్వరని, మెల్లగా తీసేస్తారని భయం. ఓ.టి. లేకపోతే కూతురి కాలేజీ ఫీజు లేదు. మాత్రలు కూడా నెలలో సగం రోజులే వేసుకుంటున్నాడు, జేబులో చీటీ ఎవరైనా చూస్తారేమోనని. ఆయన్ని తప్పుపట్టాలని మాకనిపించలేదు. ఆరోగ్యం కోసం పెట్టిన క్యాంపు నుంచి ఎక్కువ అవసరమైన మనిషే దాక్కోవలసి వచ్చిందంటే ఆ క్యాంపు పెట్టిన తీరులో లోపముంది.

ఇదంతా యూనియన్ వాళ్ళ గోల అని ఎవరైనా అనవచ్చు. అందుకని పరిశోధనలు చేసినవాళ్ళు ఏం తేల్చారో కొంచెం చెబుతాం.

ఇంగ్లండులో 1967 నుంచి వేలమంది ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి గమనించారు. మైకేల్ మార్మట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు 1978లో ఆ లెక్కలు బయటపెట్టారు. గుండెపోట్లు పెద్ద బాధ్యతలు మోసే పై ఆఫీసర్లకే వస్తాయని అప్పటిదాకా అందరి నమ్మకం. తీరా చూస్తే అన్నిటికంటే కింది మెట్టు మీదున్న బంట్రోతుల్లాంటివాళ్ళు గుండె జబ్బుతో చనిపోవడం పై మెట్టువాళ్ళకంటే మూడు రెట్ల పైనే ఉంది. సిగరెట్లు, బి.పి., కొవ్వు అన్నీ లెక్కేసి తీసేసినా తేడా పూర్తిగా పోలేదు. మిగిలినదానికి కారణం వెతుకుతూ పోతే, తర్వాతి పరిశోధనల్లో ఒక సంగతి పదేపదే బయటపడింది: తన పని మీద తనకి ఏమాత్రం అధికారం లేకపోవడం. పని ఎక్కువైతే ఒక్కటే ముప్పు కాదు. పని ఎక్కువా ఉండి, అది ఎలా చెయ్యాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే హక్కు లేకపోతే ముప్పు ఎక్కువ. అమెరికాలో రాబర్ట్ కరాసెక్ అనే ఆయన 1979లోనే ఈ లెక్క చెప్పాడు. మన లైను మీద కూర్చున్న ఏ చెల్లెలినడిగినా పరిశోధన లేకుండానే చెబుతుంది. బాత్రూముకి వెళ్ళడానికి అడగాలి, అడగటం ఇష్టం లేక పొద్దుట్నుంచీ నీళ్ళు తాగటం మానేస్తుంది.

2004లో 52 దేశాల్లో, మన దేశం కూడా అందులో ఉంది, గుండెపోటు వచ్చినవాళ్ళ మీద ఇంటర్‌హార్ట్ అని పెద్ద పరిశోధన జరిగింది. పొగాకు, బి.పి., షుగరు, కొవ్వులతో పాటు మనసు మీది ఒత్తిడి కూడా పెద్ద కారణాల వరసలోనే తేలింది. ఆ లెక్కల్లోనే ఇంకో సంగతి: దక్షిణాసియావాళ్ళకి మొదటి గుండెపోటు మిగతా దేశాలవాళ్ళకంటే ఐదారేళ్ళు ముందే వస్తోంది, సుమారు 53 ఏళ్ళకి. పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబర్ 29న 46 ఏళ్ళకే పోయినప్పుడు మన వాడల్లో కూడా పొయ్యి వెలిగించని ఇళ్ళున్నాయి. ఆయన పేరున కర్ణాటక ప్రభుత్వం హృదయ జ్యోతి పథకం పెట్టింది. తాలూకా ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి జయదేవ లాంటి పెద్దాసుపత్రి డాక్టర్లకి పంపిస్తారు, గుండెపోటని తేలితే రక్తం గడ్డని కరిగించే ఖరీదైన ఇంజెక్షను ఉచితంగా ఇస్తారు. ఛాతీలో నొప్పి వస్తే గ్యాసని సోడా తాగి పడుకోవద్దు. టెన్షనేలే అని తోసెయ్యొద్దు. ఎడం చెయ్యి, దవడ, వీపు లాగినా, ఊరికే చెమటలు పట్టి ఆయాసం వచ్చినా అంతే, ముఖ్యంగా ఆడవాళ్ళకి. 108కి ఫోన్ చెయ్యండి. గంటలోపు వెళితే గుండె కండరం చాలావరకు దక్కుతుంది. ఇ.సి.జి. బాగుంటే అప్పుడు మనసు సంగతి చూడొచ్చు. గాభరా వల్ల కూడా అచ్చం ఇలాంటి నొప్పే వస్తుంది, అదీ నటన కాదు.

పొగాకు మాట కూడా కఠినంగానే చెప్పాలి. దీన్ని యాజమాన్యం మీదికి నెట్టడం కుదరదు. 1996లో ఇదే ఊళ్ళో సెయింట్ జాన్స్ ఆసుపత్రి డాక్టర్లు గుండెపోటు వచ్చిన 200 మందినీ, రాని 200 మందినీ పోల్చి చూశారు. రోజుకి పది, అంతకు పైన బీడీలో సిగరెట్లో తాగేవాళ్ళకి ముప్పు ఆరు రెట్లకు పైగా ఉంది. బీడీ పేదవాడిది గనక చిన్నదని గుండె అనుకోదు. ఈ మాట చెబుతున్న మా కమిటీలోనే ఇద్దరు తాగుతారు. వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టే చెబుతున్నాం.

మరి పని చేసేచోట ఆరోగ్య కార్యక్రమం పెడితే ఫలితం ఉంటుందా అంటే ఉంటుంది. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు మొదలుపెట్టి, 2000 తర్వాతి ఏళ్ళలో మన దేశంలోని కొన్ని పరిశ్రమల్లో కార్మికులకీ వాళ్ళ కుటుంబాలకీ నాలుగేళ్ళ పాటు గుండె ఆరోగ్యం మీద చెప్పారు, పరీక్షలు చేశారు, క్యాంటీను వంటల్లో మార్పులు అడిగారు. 2009లో వచ్చిన ఫలితాల్లో ఆ పరిశ్రమల్లో బి.పి., షుగరు, నడుం కొలత తగ్గాయి. ఏమీ చెయ్యని చోట అవి పెరిగాయి. అందుకే క్యాంపులు వద్దని మేం ఎన్నడూ అనం. సగం పని చేసి మొత్తం చేశామని ఫోటో వేసుకోవడం వద్దంటున్నాం.

ఆ రెండో సగం ఏమిటో చెప్పడానికి కొంచెం పాత సంగతిలోకి వెళ్ళాలి. బిన్నీపేట పేరు విన్నారు గదా, మీలో కొందరి తాతలు ఆ బిన్నీ మిల్లులో, మినర్వా మిల్లులో పనిచేసినవాళ్ళే. (మినర్వా మిల్లు పేరు ఇప్పటికీ లా కాలేజీ పిల్లలు చదువుతారు, 1980 సుప్రీంకోర్టు తీర్పు వల్ల. ఆ మిల్లులో నూలు వడికినవాళ్ళ పేరు ఏ పుస్తకంలోనూ లేదు.) అదే బిన్నీ కంపెనీ మద్రాసులో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల్ని నడిపేది. అక్కడి కార్మికులతో 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. బి.పి. వాడియా అధ్యక్షుడు. మొదట్లోనే పైకి వచ్చిన కోర్కెల్లో ఒకటి, మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే టైము చాలడం లేదు, పెంచండి అన్నది. కూడు నోట్లో కుక్కుకుని పరిగెత్తే మనిషి గుండె గురించి అప్పట్లో ఎవరూ పరిశోధన చెయ్యలేదు. అయినా వాళ్ళకి తెలుసు, తీరిగ్గా కూర్చుని నాలుగు ముద్దలు తినడం కూడా ఆరోగ్యమేనని.

ఇటీవలి సంగతి కూడా ఒకటుంది. ఇక్కడి గార్మెంట్ ఫ్యాక్టరీల్లోనే అచ్యుత అధ్వర్యు, అనంత్ నిషాధం, వాళ్ళతోటి ఆర్థికశాస్త్రవేత్తలు కొన్ని పరిశోధనలు చేశారు. పాత ట్యూబులైట్లు తీసి ఎల్.ఇ.డి. దీపాలు పెడితే షాపులో వేడి తగ్గి, ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో కూడా పని బాగా సాగింది. ఇంకోటి, 2016లో జీతం పెంపు అనుకున్నంత రానప్పుడు, కొందరు కార్మికుల్ని విడిగా కూర్చోబెట్టి మీ అభిప్రాయం ఏమిటని అడిగారు. అడిగించుకున్నవాళ్ళు పని వదిలిపోవడం, నాగాలు పెట్టడం తగ్గింది. ఇది చదివి మాకు సంతోషమూ వేసింది, అనుమానమూ వేసింది. మనిషి నోరు విప్పి చెప్పుకుంటే మనసు తేలికపడుతుందన్నది నిజమే. కాని అడిగారే తప్ప జీతం పెంచలేదు! అడగడం ఒక్కటే చాలని యాజమాన్యాలు నేర్చుకుంటే మనకి ఒరిగేదేమీ లేదు.

నోరు విప్పడం ఎలా ఉంటుందో అదే ఏడాది ఏప్రిల్‌లో ఈ ఊరు చూసింది. పి.ఎఫ్.లో యాజమాన్యం వాటా 58 ఏళ్ళ దాకా తీసుకోవడానికి లేదని కేంద్రం రూలు తెచ్చింది. ఏప్రిల్ 18, 19 తేదీల్లో హోసూరు రోడ్డు మీదికి, పీణ్య దగ్గరికి వేలమంది గార్మెంట్ ఆడవాళ్ళు వచ్చేశారు. ముందుగా ఏ యూనియనూ పిలుపివ్వలేదు, ఆ మాట మేం ఒప్పుకోవాలి. 19న కేంద్రం ఆ రూలు వెనక్కి తీసుకుంది. కూతురి పెళ్ళి, అమ్మ ఆపరేషను, అప్పు, వీటన్నిటికీ ఆ పి.ఎఫ్. మీదే ఆశ పెట్టుకున్న మనిషికి రాత్రి నిద్ర పట్టకపోతే, దానికి ఊపిరి వ్యాయామం చెప్పి పంపిస్తే ఎలా?

పని గంటల మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క చెప్పాయి. వారానికి 35-40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే 55 గంటలు, ఆ పైన చేసేవాళ్ళకి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఒక్క 2016లోనే ఈ కారణంగా 7,45,000 మంది పోయారని అంచనా. మన లెక్క వేసుకోండి. ఆరు రోజులు, రోజుకి ఎనిమిది, 48. రోజూ గంటన్నర ఓ.టి. పడితే 57. పొద్దున నాలుగున్నరకి లేచి ముద్ద కలిపి, పిల్లల్ని తయారుచేసి వచ్చే అక్కల పని ఈ 57లో లేదు. అయినా కర్ణాటక శాసనసభ 2023 ఫిబ్రవరిలో, వారానికి 48 దాటకుండా రోజుకి 12 గంటల దాకా పని పెట్టుకోవచ్చని ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించింది. 2025 నవంబర్ 21 నుంచి పాత చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడు వచ్చింది. అందులో మనకి పనికొచ్చేది ఒకటుంది: 40 ఏళ్ళు దాటినవాళ్ళకి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష యాజమాన్యమే చేయించాలని కేంద్రం ప్రకటించింది. కోడ్లలో మిగతావాటి మీద మన పోరాటం వేరే ఉంది. ఈ పరీక్షని మాత్రం వదులుకోవద్దు, అడిగి చేయించుకోండి.

ఇక ఇ.ఎస్.ఐ. మన జీతంలోంచి నూటికి ముప్పావు రూపాయి, యాజమాన్యం నుంచి మూడుంబావు రూపాయలు 2019 జూలై నుంచి కడుతున్నారు. ఊరికే వచ్చేది కాదు, మన డబ్బు. మామూలు జబ్బుకి డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. అది అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, దీర్ఘకాల జబ్బులు 34 అని ఇ.ఎస్.ఐ. ఒక పట్టిక పెట్టుకుంది. రెండేళ్ళు వరసగా సర్వీసు, తగినన్ని రోజుల చందా ఉంటే, ఆ జబ్బులకి జీతంలో 80 శాతం, రెండేళ్ళ దాకా ఇస్తారు. ఆ పట్టికలో గుండెపోటు వల్ల గుండె బలహీనపడటం ఉంది, గుండె కవాటాల జబ్బు ఉంది, అదే పట్టికలో స్కిజోఫ్రీనియా ఉంది, తీవ్రమైన దిగులు జబ్బు ఉంది. మన ఇళ్ళలో పక్కపక్కన కూర్చోబెట్టని రెండు జబ్బుల్ని సర్కారు కాగితం ఒకే వరసలో కూర్చోబెట్టింది. మనసు జబ్బుకి సెలవు అడగడానికి సిగ్గుపడే తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. రాజాజినగర్ ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి ఒంటరిగా వెళ్ళడానికి బెదురైతే మా కమిటీ నుంచి ఒకరు తోడు వస్తారు.

ఎవరికీ తెలియకుండా మాట్లాడాలనుకునేవాళ్ళకి టెలి మానస్ ఉంది. నంబరు 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది, దీనికి ముఖ్య కేంద్రం నిమ్హాన్సే. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. హాస్టల్లో ఉండే చిన్న చెల్లెళ్ళకి ప్రత్యేకంగా చెబుతున్నాం, ఈ నంబరు ఫోనులో వేరే పేరుతోనైనా రాసి పెట్టుకోండి.

యాజమాన్యాలకి ఇవ్వబోయే అర్జీ చదివి వినిపిస్తాం, కాగితం మీ చేతుల్లోకి కూడా వస్తుంది. బి.పి. పరీక్ష వేరే గదిలో, కూర్చోబెట్టి, రెండుసార్లు చూడాలి. ఆ కాగితం కార్మికుడి చేతికే ఇవ్వాలి. హెచ్.ఆర్.కి ఎంతమందికి ఉందన్న అంకె చాలు, పేర్లు అక్కర్లేదు. మనసు సంగతి చెప్పుకునే మేడం హెచ్.ఆర్. గదిలో కూర్చోకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆ వివరాలు రహస్యంగా ఉండాలి. ఆమెకి తెలుగు, కన్నడం, హిందీ రావాలి, ఇప్పుడు ఒడిశా పిల్లలు కూడా చాలామంది ఉన్నారు గనక వాళ్ళ భాష కూడా. భోజన విరామంలో ఒక్క నిమిషం కూడా కొయ్యకూడదు. బాత్రూముకి టోకెను పద్ధతి ఎత్తెయ్యాలి. టార్గెట్ పెంచేముందు కమిటీతో మాట్లాడాలి. ప్రతి ఫ్లోరు మీదా గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం తెలిసినవాళ్ళు ఇద్దరు ఉండాలి, ఆ శిక్షణ పని గంటల్లోనే ఇవ్వాలి.

బాత్రూము టోకెను, టార్గెట్, ఈ రెండింటి మీదా వాళ్ళు బేరం పెడతారని మాకు తెలుసు. బి.పి. గది వెంటనే ఇస్తారు, ఫోటో దిగడానికి బాగుంటుంది. గది తీసుకుందాం. మిగతా రెండూ వదిలేదీ లేనిదీ ఇప్పుడు మీరే చెప్పాలి. చేతులెత్తే ముందు మాట్లాడాలనుకునేవాళ్ళు ముందుకి రండి, అక్కలకి మొదట మైకు ఇస్తాం, వాళ్ళకి బస్సు టైము అవుతోంది.

ఇంకొక్క మాట. వచ్చే ఆదివారం నుంచి పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా యూనియన్ ఆఫీసులో బి.పి. మిషను ఉంటుంది. రిజిస్టరు ఉండదు. మీరు తెచ్చుకున్న చీటీ మీదే రాసిస్తాం. ఇందాక చెప్పిన హిందూపురం సోదరుడు ఇప్పుడు మాత్రలు రోజూ వేసుకుంటున్నాడు, ఆదివారాలు ఆ మిషను దగ్గర కూర్చుంటానని ఆయనే అన్నాడు.